గదిలో ఎవరూ మిగలని ప్రతిపాదన

ఆ శనివారం నేను చేయవలసిన పనులు ఇవి. కాలేజీ కాపలాదారు దగ్గర మూడో అంతస్తు గది తాళం తీసుకోవాలి. వచ్చిన ప్రతిపాదనలన్నిటి నుంచీ పేర్లు, ఊళ్ళు, ఉద్యోగాలు తీసేసి అంకెలు వేయాలి. లోపల ఎవరైనా "కిందటేడు నా ప్రసంగంలో చెప్పినట్టు" అని రాసుకుంటే ఆ వాక్యం కొట్టేయాలి. రొట్టె, చీజ్, మజ్జిగ తేవాలి. ఓక్తాయ్‌కి పంది మాంసం వేయని సూప్ విడిగా తేవాలి. హార్మ్ గారికి చెవి బాగా వినపడే వైపు కుర్చీ వేయాలి. ఫెన్నా, ఓక్తాయ్ పక్కపక్కన కూర్చోకుండా చూడాలి. నిబంధనల కాగితం అందరికీ తలో ప్రతి ఇవ్వాలి. సాయంత్రం గది తుడిచి తాళం వెనక్కి ఇవ్వాలి.

అన్నీ అయ్యాయి. తాళం కూడా చీకటి పడకముందే ఇచ్చేశాను. ఆ రోజు మా చేతిలోంచి జారిన పనికి మాత్రం ఈ పట్టికలో చోటు లేదు.

మా సదస్సు ఏటా ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్‌లో రెండు రోజులు జరుగుతుంది. రాసిన ప్రోగ్రాంని దాచుకోకుండా అందరి ముందూ పెట్టేవాళ్ళ సదస్సు అది. ఎవరైనా చదవచ్చు, ఎవరైనా దిద్దచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే ఇంతే. వక్తలకి మేమిచ్చేది ఒక టీషర్టు, ఓ గిన్నెడు బఠాణీ సూప్. అయినా నేను మాట్లాడతానంటూ, ఉన్న చోట్లకి అయిదారింతల ప్రతిపాదనలు వస్తాయి. వాటిలోంచి ఏరే కమిటీలో ఓటున్నవాళ్ళు ముగ్గురు. లెక్కల మాస్టారుగా రిటైరైన హార్మ్ గారు అధ్యక్షులు. ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఫెన్నా, మ్యాపుల కంపెనీలో పనిచేసే ఓక్తాయ్ సభ్యులు. నేను కార్యదర్శిని, పేరు ఆల్చె. నాకు ఓటు లేదు. మా నాన్న ఊరి చివర చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదటిదాన్ని. కాగితం మీద రాసి ఉన్నదాన్ని ఉన్నట్టు చేసిపెట్టడం నాకు అలవాటు, అందుకే ఆ పని నాకిచ్చారు.

మా పద్ధతి ఇలా ఉంటుంది. నేను పేరు లేకుండా ప్రతిపాదన చదువుతాను. ముగ్గురూ మాట్లాడుకుంటారు. ఓటుకి ముందు నేను పేరు చెబుతాను. ఆ మనిషితో కలిసి పనిచేసినా, ఆ మనిషి ఇంట్లో బసచేసినా, వాళ్ళ బల్ల దగ్గర భోంచేసినా, ఆ సభ్యుడు లేచి బయటికి వెళ్ళి తలుపు వేయాలి. లోపలివాళ్ళు పిలిచేదాకా రాకూడదు. కావాలంటే ఒకటి కలుపుతారు, వద్దంటే ఒకటి తగ్గిస్తారు, ఎటూ కాకపోతే సున్నా వేస్తారు. కనీసం ఇద్దరు ఓటు వేస్తేనే ప్రతిపాదన చెల్లుతుంది.

ఈ నిబంధన హార్మ్ గారు రాసింది. కొన్నేళ్ళ కిందట చోటు దక్కని ఒకాయన, "వీళ్ళది సదస్సు కాదు, చుట్టాల పెళ్ళి" అని కనపడ్డ చోటల్లా రాశాడు. మేం కూర్చుని వెనకటి జాబితాలు చూసుకుంటే, ఆయన అన్నదాంట్లో నిజం పాలు కాస్త ఎక్కువే కనపడింది. హార్మ్ గారికి ఆ సంవత్సరమంతా నిద్ర సరిగ్గా పట్టలేదని వాళ్ళావిడ చెప్పింది. అప్పుడు పుట్టిన నిబంధన కాబట్టి దాని మీద ఆయన పట్టు అలాంటిది.

పొద్దున అంతా సాఫీగానే సాగింది. ఒక ప్రతిపాదన నిండా విశేషణాలే ఉంటే ఫెన్నా, "ఇందులోంచి నురగ తీసేస్తే గ్లాసు అడుగున ఏముంది?" అంది. ఓక్తాయ్ ఒకసారి బయటికి వెళ్ళి వచ్చాడు, ఫెన్నా రెండుసార్లు వెళ్ళి వచ్చింది. వెళ్ళినప్పుడల్లా కారిడార్లో మిషను కాఫీ తాగి వచ్చి మొహం చిట్లించేది. రొట్టెలయ్యాక నేను తర్వాతి కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను.

"ఒక చిన్న ప్రోగ్రాంని చాలా ఏళ్ళుగా ఒక్కణ్ణే చూసుకుంటున్నాను. ఇక మానేస్తున్నాను. ఎవరైనా తీసుకోవాలి."

"ఇది ప్రతిపాదనా, ఇల్లు అద్దెకివ్వబడును అని గేటుకి కట్టిన అట్టా?" అంది ఫెన్నా.

"అద్దె అట్ట మీద కనీసం ఎన్ని గదులో రాస్తారు," అన్నాడు ఓక్తాయ్.

నేను చదువుతూ పోయాను. "ఎలా నడపాలో చూపిస్తాను. తయారుచేసిన కంపెనీలు మూతపడ్డ పాత బ్రెయిలీ పలకలు దీనితోనే పనిచేస్తున్నాయి."

ఫెన్నా చేతిలోని మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టింది. హార్మ్ గారు కళ్ళజోడు తీశారు.

"తీసుకునేవాళ్ళు లేకపోతే కొద్ది కాలానికే అవి పనిచేయడం మానేస్తాయి. కొత్త విషయాలేమీ లేవు. బొమ్మలు లేవు. వేసవి దాకా ప్రశ్నలకి జవాబు చెప్పగలను."

 పద్ధతి ప్రకారం నేను పేరు చదివాను. "డెర్క్ వీర్సెమా."

మూడు కుర్చీలూ ఒకేసారి కిర్రుమన్నాయి. ముగ్గురూ లేచి బయటికి వెళ్ళారు. కమిటీ లేని గదిలో కార్యదర్శికి పనేముంటుంది? నేనూ వెళ్ళాను. ఓక్తాయ్ తలుపు వేశాడు.

డెర్క్ గారి సంగతి చెప్పాలి. ఫిబ్రవరిలో మా ఊళ్ళో బయటివాళ్ళకి గది దొరకదు. మొదటి సదస్సు నుంచీ ఆయన తన ఇంటి అటక మీద పరుపులు వేసి, ఎవరు వస్తే వాళ్ళని పడుకోబెట్టేవాడు. పొద్దున్నే రొట్టె, వేరుశనగ వెన్న పెట్టి పంపేవాడు. ఫెన్నా చదువుకునే రోజుల్లో సగం చలికాలం అక్కడే ఉంది. ఓక్తాయ్ కోడ్ రాయడం ఆయన వంటింట్లోనే నేర్చుకున్నాడు. హార్మ్ గారూ ఆయనా ముప్పై ఏళ్ళ స్నేహితులు. ఆయన రాసిన ప్రోగ్రాం పేరు స్టిప్, అంటే చుక్క. చూపు లేనివాళ్ళు కీబోర్డు ముందు ఒక పొడుగాటి పలక పెట్టుకుంటారు. తెర మీది అక్షరాలు దాని మీద చుక్కలుగా లేస్తాయి, వేళ్ళతో తడిమి చదువుకుంటారు. కొత్త పలక కొనడం అందరి వల్లా కాదు. పాత పలకలన్నీ స్టిప్ మీదే బతుకుతున్నాయి.

వేసవి దాకా అని ఎందుకు రాశాడో కూడా మాకు తెలుసు. డాక్టర్లు ఆయనకి అంతవరకే చెప్పారు. ఆ మాట ఆయన మా నలుగురికీ, తన బల్ల దగ్గర కూర్చోబెట్టి, విడివిడిగా, రేపు వాన పడుతుందట అన్నట్టు చెప్పాడు.

కారిడార్లో కాఫీ మిషను పక్కన నిలబడ్డాం. తలుపు అద్దంలోంచి ఖాళీ గది కనపడుతోంది.

"ఇప్పుడు మనల్ని లోపలికి ఎవరు పిలవాలి?" అన్నాడు ఓక్తాయ్.

"కుర్చీలు," అంది ఫెన్నా. "హార్మ్, ఇది పిచ్చిపని. లోపలికి వెళ్దాం. చోటిచ్చేద్దాం. గంటసేపే కదా అడిగాడు."

"ఇక్కడ ఆ విషయం మాట్లాడకూడదు," అన్నారు హార్మ్ గారు.

"ఎక్కడా మాట్లాడకూడదా? లోపల మాట్లాడకూడదు, బయట మాట్లాడకూడదు. మరుగుదొడ్లోనా?"

"అక్కడా కూడదు."

"ఆయన నీ పెళ్ళిలో పక్కన నిలబడ్డ మనిషి."

"అందుకే బయట నిలబడ్డాను ఫెన్నా." హార్మ్ గారి గొంతు లేవలేదు. "చుట్టాల పెళ్ళి అనిపించుకున్న ఏడాది మనం ఆరుగురు స్నేహితులకి చోటిచ్చాం. ఆరుగురూ మంచివాళ్ళే. ప్రతి ఒక్కరికీ ఓ కారణం ఉంది. కారణం లేని స్నేహితుడెవడు?"

ఓక్తాయ్ గోడకి ఆనుకుని నా వైపు తిరిగాడు. "ఆల్చె, కాగితంలో ఏముంది? అందరూ బయటికి వస్తే ఏం చేయాలని?"

నేను కాగితం తీసి చూశాను. ఏమీ లేదు. మా ఊరు ఇంత చిన్నదని, డెర్క్ గారి బల్ల అంత పొడుగని హార్మ్ గారికి రాసేటప్పుడు తోచలేదు. ఇద్దరు ఓటు వేయకపోతే చెల్లదు అన్న వాక్యం ఒక్కటే ఉంది. దాని ప్రకారం ఈ ప్రతిపాదన ఎవరూ చూడకుండానే పడిపోయినట్టు.

"బయటివాళ్ళని అడగకూడదని కూడా రాసి లేదు," అన్నాను.

హార్మ్ గారు ఆలోచించి, సరే అన్నారు. డెర్క్ ఎవరో తెలియని ముగ్గుర్ని నేను వెతకాలి. ఇద్దరైతే చెరో వైపూ లాగుతారని, ముగ్గురు ఉండాలన్నారు. వాళ్ళు వేసే ఓటే ఓటు. మేం ఒక్క ముక్క కూడా చెప్పకూడదు.

"వేసవి సంగతి కూడానా?" అంది ఫెన్నా.

"అది ముందు," అన్నారు హార్మ్ గారు.

ముగ్గురు దొరకడం అనుకున్నంత తేలిక కాలేదు. వేరే దేశాల్లో ఇలాంటి సదస్సులు నడిపేవాళ్ళకి, ప్రతిపాదనలు పెట్టిన అందరి పేర్లూ కలగాపులగం చేసి పంపి, ఇందులో ఎవరెవరు తెలుసో చెప్పమన్నాను. లిస్బన్ నుంచి ఒకాయన, "వీర్సెమా తెలియకపోవడమేమిటి? ఆయన అటక దూలానికి తగిలిన దెబ్బ నా నుదుటి మీద ఇంకా ఉంది" అని రాశాడు. ప్రాగ్‌లో ఒకావిడ ఆయన వేరుశనగ వెన్న ఎలా ఉందని అడిగింది. చివరికి టార్టులో ఒకతను, పోర్టోలో ఒకావిడ, ఉప్సాలాలో గున్‌వోర్ అనే ఆవిడ దొరికారు. గున్‌వోర్ అక్కడి గ్రంథాలయాల్లో కంప్యూటర్ల పని చూస్తుంది. మా సదస్సుకి ఎప్పుడూ రాలేదు. ముగ్గురికీ పేరు లేని కాగితం పంపాను.

టార్టు అతను రెండు రోజుల్లో సున్నా వేశాడు. "ఇందులో విని నేర్చుకునేది ఏముందో తెలియలేదు" అని పక్కన రాశాడు.

గున్‌వోర్ ఓటు వేయలేదు, నాకో సందేహం రాసింది. ప్రతిపాదన అడుగున కోడ్ ఎక్కడుందో రాసి ఉంటుంది. దాన్ని తెరిచి చూసేవాళ్ళు అరుదు. ఆవిడ తెరిచి, దింపుకుని, గ్రంథాలయంలో మూలన పడి ఉన్న ఒక పాత పలకకి తగిలించి నడిపి చూసిందట. "నడపకుండా మార్కులు వేయడం నాకు చేతకాదు. కానీ ప్రతి ఫైలు పైనా రాసినాయన పేరుంది, చూశాను. ఆయనెవరో నాకు తెలియదు. నా ఓటు చెల్లుతుందా?" అని అడిగింది. నేను హార్మ్ గారికి చూపించాను. ఆయన కాఫీ చల్లారేదాకా ఆలోచించి, "తెలియని మనిషి పేరు తెలిసినంత మాత్రాన మనిషి తెలిసినట్టు కాదు. చెల్లుతుంది" అన్నారు.

పోర్టో ఆవిడ ప్రశ్న పంపింది. ఓటుకి ముందు ఎవరైనా ఒక ప్రశ్న అడగచ్చు. కార్యదర్శి దాన్ని వక్తకి చేర్చి జవాబు తేవాలి. ఆవిడ ప్రశ్న ఇది: "వేసవి దాకానే ఎందుకు? ఒక పనిని వేరేవాళ్ళకి అప్పగించేవాడు ఆ తర్వాత కూడా తోడుండాలి కదా. ఈయనకి అంత శ్రద్ధ ఉన్నట్టు లేదు."

ఈ ప్రశ్న మెయిల్లో పంపడానికి నాకు చేతులు రాలేదు. సైకిలు తీసుకుని వెళ్ళాను. ఉత్తరపు గాలి ఎదురు కొడుతోంది. కాలవ ఒడ్డున ఆయన ఇంటి తలుపు తీసే ఉంది.

"సైకిలు లోపల పెట్టు అమ్మాయ్, తడుస్తుంది," అన్నాడు వంటింట్లోంచి.

చాలా చిక్కిపోయాడు. స్వెట్టరు భుజాల మీంచి జారుతోంది. బల్ల మీద నాలుగు పాత పలకలున్నాయి. కళ్ళు మూసుకుని ఒకదాని మీద వేళ్ళు జరుపుతున్నాడు. ఆయనకి చూపు బాగానే ఉంది. చుక్కలు సరిగ్గా లేస్తున్నాయో లేదో కళ్ళతో చూస్తే తెలియదని బ్రెయిలీ నేర్చుకున్నాడు.

"కాఫీ పోసుకో."

"కార్యదర్శిగా వచ్చానండీ. మీ బల్ల దగ్గర ఏమీ తీసుకోకూడదు."

"హార్మ్ రాసిన రూలేనా? ఇన్నేళ్ళూ తిన్నది కడుపులోంచి కక్కిస్తాడా?"

నేను నవ్వలేదు. కాగితం తీసి ప్రశ్న చదివాను. ఆయన వేళ్ళు ఆగాయి.

"ఎవరడిగారు?"

"చెప్పకూడదు."

"మంచి ప్రశ్న. నేనైనా అడిగేవాణ్ణి." కిటికీలోంచి కాలవలో కట్టేసిన పడవ వంక చూశాడు. "రాసుకో. ఈ ప్రశ్నకి ప్రసంగంతో సంబంధం లేదు."

"అంతేనా?"

"అంతే."

"డెర్క్ గారూ, ఒక్క ముక్క రాయండి. ఒంట్లో బాగాలేదు అని. ఆ ముగ్గురికీ మీరెవరో తెలియదు. మీకు శ్రద్ధ లేదనుకుంటున్నారు."

"అనుకోనీ."

"వాళ్ళు కాదంటే చోటు రాదు. ఫిబ్రవరిలో అంతమంది ఒక్కచోట ఉండగా అడగకపోతే మళ్ళీ ఎప్పుడు అడుగుతారు? స్టిప్ ఆగిపోతుంది."

"నాకు తెలీదా అమ్మాయ్?" మొదటిసారి గొంతు గట్టిగా వచ్చింది. తర్వాత తగ్గించాడు. "నాకు ఆపరేషను అయిన ఏడాది గుర్తుందా? నలుగురు వచ్చారు సాయం చేస్తామని. ఏడుపు మొహాలు పెట్టుకుని వచ్చారు. ఆకులు రాలేసరికి ఒక్కడూ లేడు. సగం సగం దిద్ది వదిలేసినవి సరిచేసుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది నాకు. వాళ్ళు నాకోసం వచ్చారు. నేను లేచి తిరగగానే వాళ్ళ పనైపోయింది. ఈసారి నేను ఉండను. అప్పుడు ఇంకెంతసేపు ఉంటారు?"

"మరి ఎవరూ రాకపోతే?"

ఆయన పలక తిప్పి దాని అడుగున మరలు విప్పడం మొదలుపెట్టాడు. ఒక మర తుప్పు పట్టి తిరగలేదు. నేను పట్టుకుంటే ఆయన తిప్పాడు.

"రాకపోతే, పలక ఉన్నవాళ్ళకి నేనే ఉత్తరం రాస్తాను, వేరే దారి చూసుకోండని," అన్నాడు చివరికి. "సగం మందికి వేరే దారి లేదు. అయినా రాయాలి కదా."

ఆయన చెప్పిన ఒక్క వాక్యమే పోర్టోకి పంపాను. ఆవిడ ఒకటి తగ్గించి ఓటు వేసింది. తర్వాతి వారం గున్‌వోర్ ఓటు వచ్చింది. ఆవిడా ఒకటి తగ్గించింది. "ప్రసంగంగా ఇది నిలవదు. ఇందులో గంటసేపు చెప్పే మాట లేదు, కూర్చుని చేసే పని ఉంది" అని రాసింది.

ఫలితం చెప్పడానికి ముగ్గుర్నీ కాలేజీ క్యాంటీన్లో కూర్చోబెట్టాను. కాగితం హార్మ్ గారి ముందు పెట్టాను. ఆయన చదివి ఫెన్నాకి ఇచ్చారు.

"వీళ్ళకి చదవడం వచ్చా?" అంది ఫెన్నా.

"సరిగ్గానే చదివారు," అన్నారు హార్మ్ గారు. "మనకి తెలిసింది అందులో రాసి లేదు."

"రాయనివ్వలేదు నువ్వు!"

"నేను కాదు. ఆయనే రాయలేదు." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. ఓక్తాయ్ లేచి, అడక్కుండానే ఆయనకి ఇంకో కాఫీ తెచ్చి పెట్టాడు. ఫెన్నా కోటు తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మామూలుగానే కమిటీ పనికి వచ్చింది, ఆ విషయం ఎత్తలేదు.

చోటు దక్కనివాళ్ళందరికీ వెళ్ళే ఉత్తరం ఒకటే. ఈ ఏడాది మంచి ప్రతిపాదనలు చాలా వచ్చాయి, విచారిస్తున్నాం, మళ్ళీ ప్రయత్నించండి. డెర్క్ గారికి కూడా అదే పంపాలి. మళ్ళీ ప్రయత్నించండి అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగింది. ఒక్కరికి మారిస్తే అందరికీ మార్చాలి. అందరికీ మార్చాను. విచారిస్తున్నాం అన్న దగ్గరే ఆపేశాను. ఆ ఏడాది ఎవరికీ మళ్ళీ ప్రయత్నించమని చెప్పలేదు. పొద్దున పంపితే మధ్యాహ్నానికి ఆయన జవాబు వచ్చింది. "అందింది. ఈసారి అటక మీద ఎంతమంది?"

ఆ గంట పాత ఫోన్లతో తేనెటీగల్ని లెక్కపెట్టే ఒకామెకి వెళ్ళింది. బాగా మాట్లాడుతుందని పేరున్న మనిషే.

డిసెంబరు మధ్యలో కార్యక్రమం ప్రకటించాం. ఆ పూటే గున్‌వోర్ నాకు రాసింది. "ఓటు వేసినవాళ్ళు ప్రకటన దాకా వక్తలతో మాట్లాడకూడదు అని మీ కాగితంలో ఉంది, అందుకని ఆగాను. ఇప్పుడు ఆ బ్రెయిలీ ప్రోగ్రాం ఆయనకి రాయచ్చా? నేను కాదన్నది ప్రసంగాన్ని. ప్రోగ్రాం రోజూ చదువుతూనే ఉన్నాను, వదలబుద్ధి కావడం లేదు. ఒక తప్పు దొరికింది. దిద్ది పెట్టుకున్నాను."

రాయచ్చు అని ఒక్క మాటే జవాబిచ్చాను. అంతకంటే ఎక్కువ రాస్తే నా చెయ్యి ఇంకేం రాస్తుందోనని భయం వేసింది.

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా నడిచింది మేమంతా చదివాం. ఓపెన్ సోర్స్‌లో దిద్దుబాట్ల మీద జరిగే మాటలు నలుగురి ముందే జరుగుతాయి, ఎవరైనా చూడచ్చు. ఆమె పంపిన మొదటి దిద్దుబాటుకి డెర్క్ గారు, "తప్పు. ఈ పలకలో చుక్కల వరుస తలకిందులుగా ఉంటుంది. మళ్ళీ చెయ్యి" అని రాశాడు. ఆమె, "చేశాను. కానీ ఆ సంగతి మీ తలకాయలో తప్ప ఎక్కడా రాసి లేదు. రాసి పెట్టండి" అంది. "రాసే తీరిక లేదు." "అయితే నాకు చేసే తీరిక లేదు." మర్నాడు ఆయన రాసి పెట్టాడు. అక్కణ్ణించి ప్రతి పలక గురించీ ఆమె అడగడం, ఆయన విసుక్కోవడం, చివరికి రాయడం. ఫెన్నా క్యాంటీన్లో మాకు చదివి వినిపించేది.

"మొగుడూ పెళ్ళాల్లా కీచులాడుకుంటున్నారు," అంది ఒకరోజు.

"కాదు, అత్తాకోడళ్ళు," అన్నాడు ఓక్తాయ్. "చూస్తూ ఉండు, తాళాలు ఇంకా చేతికివ్వలేదు."

ఫిబ్రవరి సదస్సుకి గున్‌వోర్ రాలేదు. ప్రసంగాలు వినడం తనకి ఇష్టం లేదని రాసింది. డెర్క్ గారు వచ్చాడు. తేనెటీగల ప్రసంగంలో వెనక వరసలో కూర్చుని, చీకట్లో లెక్క ఎలా తప్పదో చెప్పమని ఒక ప్రశ్న అడిగాడు. ఆమెకి జవాబు తెలియలేదు. ఆయన, "నాకూ తెలియదు, అందుకే అడిగాను" అని కూర్చున్నాడు.

చెట్లు చిగురించే వేళకి ఆయన జవాబులు పొట్టివయ్యాయి. ఆమె దిద్దుబాట్లు ఎక్కువయ్యాయి. తప్పు అన్న మాట మెల్లగా కనపడటం మానేసింది. మే నెలలో కొత్త రూపం విడుదల చేసే అధికారం ఆమెకి మార్చి, కింద ఇలా రాశాడు: "ఇక నీదే. నచ్చకపోతే మార్చుకో." ఆమె, "చాలా మారుస్తాను" అని రాసింది. 

జూన్ మొదట్లో ఆయన పోయాడు. హార్మ్ గారు ఆసుపత్రిలో పక్కనే ఉన్నారు. ఆ వారం గున్‌వోర్ ఒక పాత పలక గురించి ఏదో అడిగింది. జవాబు లేకపోతే మళ్ళీ అడిగింది. అప్పుడు నేను ఆమెకి రాశాను. ప్రతిపాదన పని ఎప్పుడో ముగిసింది కాబట్టి ఏ నిబంధనా అడ్డు రాలేదు.

రెండు రోజులు ఆగి ఆమె జవాబిచ్చింది. "వేసవి దాకా అంటే అదా. నేను అడగలేదు. అది ఆయన సొంత విషయం అనుకున్నాను. ముందే తెలిసి ఉంటే తీసుకునేదాన్ని కాదేమో. మా నాన్న పోయినప్పుడు ఆయన దుకాణం తలుపు కూడా నేను తీయలేకపోయాను. పోతున్న మనిషి పని ముట్టుకోవాలంటే నాకు భయం. ఇప్పుడు మాత్రం దీనిలో సగం నాదైపోయింది. వదిలేది లేదు." కింద ఆ పాత పలక సంగతి తనే కనిపెట్టానని, రాసి పెట్టానని చెప్పింది.

ఆ ఉత్తరం హార్మ్ గారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, మడిచి నాకిచ్చేశారు. ఆ ఏడాది నిబంధనల కాగితంలో ఒక వాక్యం చేరింది. అందరూ బయటికి వెళ్ళవలసి వస్తే బయటివాళ్ళని అడగాలి అని. మిగతాది మార్చలేదు. మార్చాలని ఫెన్నా కూడా అడగలేదు.

మా సదస్సు కార్యక్రమాలన్నీ అచ్చయి ఉన్నాయి. వక్తల పేర్లలో ఏ ఏడూ డెర్క్ వీర్సెమా పేరు కనపడదు. చోటు దక్కనివాళ్ళ పేర్లు మేం బయటపెట్టం. ఆయన అక్క ఒప్పుకుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. రైల్లోనో, గ్రంథాలయంలోనో ఎవరైనా పొడుగాటి పలక మీద వేళ్ళు జరుపుతూ చదువుకుంటూ మీకు కనపడితే, పలకరించి ఆపకండి, చదువుకోనివ్వండి. ఆ పక్క నుంచి నడిచి వెళ్తూ ఒక్కసారి డెర్క్ వీర్సెమాని తలచుకోండి.